ఊరి చెరువుకూ ఒక వాటా ఉంది: దాన్ని లెక్కగట్టి నిలబెట్టడం ఎలా

మే నెల చివర్లో ఒక తెల్లవారుజామున మా ఊరి చెరువులో చేపలన్నీ నీటి మీదికి వచ్చి నోళ్లు తెరిచి గుటకలేస్తూ కనిపించాయి. ఎండెక్కేసరికి బొచ్చెలు, రవ్వలు తెల్లటి పొట్టలు పైకి తేలి ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. ఎవరో మందు కలిపారని కట్ట మీద పెద్ద గొడవ. ఒకరి మీద ఒకరు అనుమానం, పోలీసు కేసు దాకా మాటలు. ఆ గొడవలో నాకు రెండు విషయాలు కంటబడ్డాయి. తూము దగ్గర నీళ్లు నా మోకాళ్లు దాటడం లేదు. చచ్చినవాటిలో కొర్రమీను ఒక్కటీ లేదు, మార్పు చేప ఒక్కటీ లేదు.

మందు కలిపితే కొర్రమీను మాత్రం ఎందుకు మిగులుతుంది? కొర్రమీను, మార్పు పైకొచ్చి గాలి పీల్చుకుని బతకగలవు. బొచ్చె, రవ్వ నీటిలో కలిసిన ఆక్సిజన్ మీదే బతకాలి. ఆ వారమంతా మోటార్లు నడిచి నీళ్లు అడుగున్నరకు దిగాయి. మిగిలిన నీళ్లు వేడెక్కి పచ్చగా నాచు పట్టాయి. నాచు పగలు ఆక్సిజన్ వదులుతుంది, రాత్రంతా అదే ఆక్సిజన్ వాడుకుంటుంది. అందుకే తెల్లవారేముందు నీటిలో ఆక్సిజన్ అన్ని వేళల కన్నా తక్కువగా ఉంటుంది. చేపలు ఊపిరాడక చచ్చాయి. మందు ఎవరూ కలపలేదు, మేమందరం కలిసి నీళ్లు తోడేశాం.

ఆయకట్టుకు వాటా ఉంది. చేపల సంఘానికి హక్కు ఉంది. గొర్లు, బర్లు తాగే రేవు ఎక్కడో అందరికీ తెలుసు. చెరువుకు చెరువుగా బతకడానికి ఎంత నీరు కావాలో మాత్రం ఏ కాగితం మీదా లేదు. ఆ అంకె ఊరివాళ్లే కట్టుకోవచ్చు. దానికి ఇంజనీరు చదువు అక్కర్లేదు. ఒక గేజీ (నీటి మట్టం చూపే కొలబద్ద), ఒక ఫోను, ఒక టబ్బు, ఒక నోటుబుక్కు, ఏడాది ఓపిక చాలు. మేం చేసిన పద్ధతి, చేయకుండా ఉండాల్సిందని తర్వాత తెలిసిన పొరపాట్లు రెండూ ఇక్కడ చెబుతున్నాను.

ముందుగా, చెరువు ఏం అడుగుతుంది

చెరువును ఎప్పుడూ నిండుగా ఉంచడమే దాన్ని కాపాడటం అని చాలామంది అనుకుంటారు. నేనూ అలాగే అనుకునేవాణ్ని. మన చెరువులు వానకు నిండి ఎండకు తగ్గే చెరువులు. వాటిలో బతికే ప్రాణులన్నీ ఆ ఎక్కుదిగుళ్లకు అలవాటు పడ్డవే.

చలికాలం నుంచి నీళ్లు వెనక్కి జరుగుతుంటే శిఖంలో (చెరువు నిండితే మునిగే నేలలో) తడి బురద తేలుతుంది. ఆ బురదలో తుంగ, గడ్డి మొలుస్తాయి, పశువులు మేస్తాయి, పేడ వేస్తాయి. అంచున జానెడు నీళ్లలో ఎర్రకాళ్ల కొంగలు ముక్కు పెట్టి తడుముతూ చేపపిల్లలను పట్టుకుంటాయి, నత్తగుల్ల కొంగలు నత్తలు ఏరుకుంటాయి. నీరు అయిదు అడుగుల లోతుంటే ఆ కొంగకు అక్కడ తిండి లేదు. మళ్లీ వానలొచ్చి నీళ్లు ఆ గడ్డి మీదికి ఎక్కినప్పుడు గడ్డి, పేడ కుళ్లి సూక్ష్మజీవులు పుడతాయి. అప్పుడే పొదిగిన చేపపిల్లకు అదే తొలి తిండి. నత్తలు, కప్పలు, కొర్రమీనులు కొన్ని వారాలు బురదలో దాక్కుని కూడా గడపగలవు.

కాబట్టి చెరువు అడిగేవి నాలుగు. వేసవి చివర ప్రాణం నిలిచేంత నీరు. ఏడాదిలో ఒకసారి నిండటం, నెమ్మదిగా తగ్గటం. వాలుగా ఉన్న అంచు. తొలి వరదకు అడ్డులేని దారి. నీటి గుణం వీటన్నిటినీ అంటిపెట్టుకుని ఉంటుంది. ఈ నాలుగింటిలో లెక్కకు లొంగేది, ముందుగా పట్టుకోవలసింది మొదటిదే.

1. గేజీ

తూము గోడ మీద అడుగులు, అంగుళాలు ఆయిల్ పెయింటుతో రాయించండి. గోడ పాడైతే ఇనుప పైపు పాతి దాని మీద గుర్తులు పెట్టండి. పని మే నెలలో, నీళ్లు తక్కువగా ఉన్నప్పుడే చేయాలి. తూము అడుగు మట్టం సున్నా. దానికి కింద ఉండే నీళ్లు తూము గుండా రావు, మోటారు పెడితే తప్ప.

పై కొస ఎక్కడో తేల్చడానికి పరికరం వెతకొద్దు. వానాకాలంలో నీళ్లు మత్తడి (కోస్తాలో అలుగు) అంచును సరిగ్గా తాకిన రోజున తూము దగ్గరికి పరుగెత్తి గేజీ మీద గీత పెట్టండి. మేస్త్రీలు గోడలకు లెవల్ పైపు పట్టినట్టే, ఇక్కడ చెరువే లెవల్ పైపు. ఆ గీతే పూర్తి నీటి మట్టం, అందరూ ఎఫ్‌టీఎల్ అంటున్నది. రేపు ఎవరైనా శిఖంలో మట్టి పోసి ఇది చెరువు కాదన్నప్పుడు ఆ గీత, ఆ రోజు తీసిన ఫొటోలు చాలా పనికొస్తాయి.

వారానికి ఒకరోజు, ఒకే వేళకు, ఒకే మనిషి గేజీ చూసి రాయాలి. చెరువు నీళ్లు పంచే నీరటికాడు ఉన్న ఊళ్లో ఆ పని ఆయనదే (రాయలసీమలో నీరుగంటి అంటారు). తూము ఎప్పుడు తీశారో, ఎన్నిరోజులు నడిచిందో, వాన ఎంత పడిందో పక్కనే రాసుకోవాలి.

2. ఏ మట్టానికి ఎన్ని ఎకరాలు

లోతు తెలిసినంత మాత్రాన నీరెంతో తెలియదు. చెరువు గిన్నె కాదు, పళ్లెం. పైన వెడల్పు, కింద ఇరుకు. అందుకని ప్రతి మట్టానికీ నీళ్లు ఎంత మేర పరుచుకున్నాయో కావాలి.

సర్వే చేయించడానికి డబ్బు లేకపోతే చెరువు చేతనే సర్వే చేయించవచ్చు. గేజీ రెండు అడుగులు తగ్గినప్పుడల్లా నీటి అంచు వెంట ఒక చుట్టు నడవండి. ఫోనులో విస్తీర్ణం కొలిచే యాప్ వేసుకుని నడిస్తే ఎకరాలు అదే చెబుతుంది. నాచు, బురద ఉన్నచోట నడవలేకపోతే ఉపగ్రహ చిత్రాల సాయం తీసుకోండి. సెంటినెల్-2 అనే ఐరోపా ఉపగ్రహాల చిత్రాలు ఉచితం, మబ్బు లేకుంటే అయిదు రోజులకొకటి దొరుకుతుంది, అందులో ఒక చుక్క అంటే నేల మీద 10 మీటర్లు. గూగుల్ ఎర్త్‌లో పాత చిత్రాలు తీసి చూస్తే పదేళ్ల కిందట ఇదే నెలలో నీళ్లు ఎక్కడిదాకా ఉన్నాయో కూడా కనిపిస్తుంది. మొదటిసారి అది చూసినప్పుడు మా ఊరి కుర్రవాళ్లు చాలాసేపు మాట్లాడలేదు.

లెక్క అర్థం కావడానికి 100 ఎకరాల చెరువు ఒకటి ఊహించుకుందాం. మత్తడి పోసేనాటికి తూము దగ్గర 10 అడుగులు. కొలతలు ఇలా వచ్చాయనుకోండి:

10 అడుగుల దగ్గర 100 ఎకరాలు
8 అడుగుల దగ్గర 75
6 అడుగుల దగ్గర 50
4 అడుగుల దగ్గర 30
2 అడుగుల దగ్గర 12
సున్నా దగ్గర 2 ఎకరాల మడుగు

రెండు మట్టాల మధ్య నీరు ఎంతో కావాలంటే ఆ రెండు విస్తీర్ణాల సగటును మధ్యనున్న లోతుతో హెచ్చించాలి. 10 నుంచి 8కి: సగటు 87.5 ఎకరాలు, రెండు అడుగులు, 175 ఎకరం-అడుగులు. ఒక ఎకరంలో ఒక అడుగు ఎత్తు నిలిచే నీరు ఒక ఎకరం-అడుగు, అంటే 43,560 ఘనపుటడుగులు, సుమారు 1,233 ఘనమీటర్లు. అదే వరసన కిందికి 125, 80, 42, 14. మొత్తం 436 ఎకరం-అడుగులు, అధికారులు చెప్పే భాషలో సుమారు 19 ఎంసీఎఫ్‌టీ (మిలియన్ ఘనపుటడుగులు).

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆ అంకెలు మళ్లీ చూడండి. పైనున్న రెండు అడుగుల్లోనే 175, నూటికి 40 వంతులు. అడుగునున్న నాలుగు అడుగులూ కలిపితే 56, నూటికి 13 వంతులు. చెరువు బతకడానికి కావలసిన నీరు అడుగున ఉంటుంది, అడుగున నీరు తక్కువ. రైతుల సభలో "చెరువుకు నాలుగు అడుగులు వదలండి" అంటే సగం చెరువు అడిగినట్టు వినిపిస్తుంది. ఈ పట్టిక గోడకు అంటించి మాట్లాడితే నూటికి 13 అని అందరికీ కనిపిస్తుంది. నేను మొదటి ఏడాది పట్టిక లేకుండా సభకు వెళ్లి మాట పోగొట్టుకున్నాను.

3. రోజుకు ఎంత తరుగుతుంది

తూము మూసినా నీళ్లు తగ్గుతూనే ఉంటాయి, ఎండకు కొంత, నేలలోకి కొంత. ఈ రెంటినీ విడదీసి కొలవచ్చు.

ఏప్రిల్లో, తూమూ మోటార్లూ నడవని ఒక వారం చూసుకోండి. వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బులో చెరువు నీళ్లే ముప్పావు వంతు పోసి, చెరువులోనే సగం మునిగేలా నాలుగు కర్రల మధ్య కట్టండి. టబ్బు చెరువులో ఉంటేనే లోపలి నీళ్లు చెరువు నీళ్లంత వేడిగా ఉంటాయి. ఒడ్డున పెడితే ఎక్కువ ఆవిరై లెక్క తప్పుతుంది. పశువులు, పిట్టలు తాగకుండా పైన పెద్ద కన్నుల వల కప్పండి. ఏడు రోజుల తర్వాత టబ్బులో ఎంత తగ్గిందో, గేజీ మీద ఎంత తగ్గిందో స్కేలు పెట్టి చూడండి. టబ్బులో తగ్గింది ఎండకు పోయింది. గేజీ మీద అంతకన్నా ఎక్కువ తగ్గినదంతా నేలలోకి ఇంకింది.

వారంలో టబ్బులో 42 మిల్లీమీటర్లు, గేజీ మీద 52 తగ్గితే రోజుకు 6 ఎండకు, ఒకటిన్నర దాకా నేలకు. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో ఈ చుట్టుపక్కల అంకెలు వస్తే ఆశ్చర్యపడనక్కర్లేదు. ఇంకిన నీటిని నష్టంగా రాయకండి. కట్ట కింది బావుల్లో, బోర్లలో వచ్చేది అదే. అయితే ఇంకుడు రోజుకు నాలుగైదు మిల్లీమీటర్లు దాటితే కట్టలో ఎలుక బొక్కలో, తూము పగుళ్లో ఉన్నాయేమో కట్ట దిగువ వైపు నడిచి చూడాలి. కట్ట కింద ఏనాడూ లేనిచోట తడి కనిపిస్తే, అందులో మట్టి కలిసి వస్తుంటే అదే రోజు నీటిపారుదల అధికారులకు చెప్పండి.

4. మృగశిర నుంచి వెనక్కి లెక్కించడం

మన వేసవి లెక్కకు మంచి గడువు మృగశిర కార్తె. జూన్ మొదటి వారం దాటాక వానలు అందుకుంటాయన్నది పెద్దల అనుభవం. ఆ రోజు నాటికి తూము దగ్గర ఎంత నీరు ఉండాలో ముందు నిర్ణయించాలి, అక్కడి నుంచి వెనక్కి రావాలి.

ఎంత ఉండాలి? నా అభిప్రాయంలో గేజీ మీద మూడు అడుగులకు తగ్గకూడదు. మేం అడుగున్నర దగ్గర చేపలను పోగొట్టుకున్నాం. నీరు వేడెక్కేకొద్దీ ఆక్సిజన్ పట్టుకునే శక్తి తగ్గుతుంది. 20 డిగ్రీల దగ్గర లీటరుకు 9 మిల్లీగ్రాముల దాకా పట్టే నీరు 30 డిగ్రీల దగ్గర ఏడున్నర దాటి పట్టదు. లోతులేని నీరు మధ్యాహ్నానికి అడుగుదాకా వేడెక్కుతుంది. మూడు అడుగులుంటే అడుగు పొర కొంత చల్లగా మిగులుతుంది. దానికి తోడు రెండు మూడు మడుగులు ఉంటే ఇంకా మంచిది, వాటి సంగతి పూడిక దగ్గర చెబుతాను.

ఇప్పుడు లెక్క. ఏప్రిల్ 1 నుంచి జూన్ 7 దాకా 67 రోజులు. రోజుకు సుమారు 8 మిల్లీమీటర్లు వేసుకుంటే (మేలో ఎండ ఇంకా ఎక్కువ కాబట్టి) 536 మిల్లీమీటర్లు, ఒకటిముప్పావు అడుగు. మూడు అడుగులు మిగలాలంటే ఏప్రిల్ 1న నాలుగుముప్పావు ఉండాలి. వేసవి వానలను లెక్కలోకి తీసుకోకండి, వస్తే వచ్చాయి. కొంత మార్జిన్ పెట్టుకుని ఏప్రిల్ 1న అయిదు అడుగులు అని రాసుకుందాం.

అయిదు అడుగుల కింద ఎంత నీరు? నాలుగు అడుగుల దాకా 56. నాలుగు నుంచి అయిదుకు సగటున 35 ఎకరాలు, 35. మొత్తం 91 ఎకరం-అడుగులు. నిండు చెరువులో అయిదో వంతు. ఇదే ఆ చెరువు వాటా.

మీ చెరువుకు ఈ అంకె వేరుగా వస్తుంది. రాళ్ల నేలలో లోతైన చెరువుకు తక్కువ, రేగడిలో పరుచుకున్న చెరువుకు ఎక్కువ. పక్క ఊరి అంకె తెచ్చి పెట్టుకోకండి.

5. ఆ అయిదో వంతు ఎవరు వదులుకోవాలి

అసలు కష్టం ఇక్కడే. యాసంగి (రబీ) వరికి ఎకరానికి నాలుగున్నర అడుగుల నీరు వేసుకుంటే, 91 ఎకరం-అడుగులు అంటే 20 ఎకరాల వరి. ఆ 20 ఎకరాలు ఎవరివి అనే ప్రశ్నకు జవాబు లేకుండా చెరువు గురించి ఎంత మాట్లాడినా ఆయకట్టు చివరి రైతు వినడు. వినకపోవడం న్యాయమే, ఎందుకంటే నీళ్లు తగ్గినప్పుడల్లా మొదట ఎండేది అతని మడే.

ఎవరినీ బీడు పెట్టమనకుండా ఈ నీరు దొరికే దారి పంట మార్పు. మొక్కజొన్న, వేరుశనగ, నువ్వు వంటి ఆరుతడి పంటలకు రెండు అడుగుల లోపు నీళ్లు సరిపోతాయి. వరి బదులు ఆరుతడి వేసిన ప్రతి ఎకరానికీ రెండున్నర అడుగులు మిగులుతాయి. 36 ఎకరాలు మారితే 90. చెరువు వాటా వచ్చేసినట్టే. ఆ 36 ఎకరాలు ఏటా ఒకే వైపు పడకూడదు. ఒక ఏడాది తూము దగ్గరి మళ్లు, మరుసటేడు చివరి మళ్లు అని వంతు వేయాలి. తూము దగ్గరి రైతు ముందు ఒప్పుకుంటే మిగతావాళ్లు ఒప్పుకుంటారు. అతన్ని ఒప్పించడానికే ఎక్కువ టీలు తాగాలి.

ఈ నిర్ణయం దసరా, దీపావళి మధ్య జరగాలి. అప్పటికి చెరువులోకి ఎన్ని నీళ్లు వచ్చాయో తెలిసిపోతుంది, యాసంగి నారు ఇంకా పోయలేదు. నారు పోశాక ఏ మాటా నిలవదు. చెరువు సగమే నిండిన ఏడాది చెరువు వాటాను పూర్తిగా తీసేయకుండా, మృగశిర నాటికి రెండు అడుగులు అని తగ్గించుకోవడం మేలు. అందరికీ తగ్గినప్పుడు చెరువుకూ తగ్గుతుంది, సున్నా మాత్రం కాదు.

6. కాగితం మీద పెట్టడం

గ్రామసభలో తీర్మానం రాయండి. నీటి సంఘం ఉంటే వాళ్ల సంతకాలు, చేపల సంఘం సంతకాలు, సర్పంచి సంతకం. తీర్మానం పొడుగ్గా ఉండొద్దు: ఏప్రిల్ 1న గేజీ అయిదు అడుగులకు వచ్చినా, అంతకు ముందే వచ్చినా తూము మూయాలి, ఆ తర్వాత చెరువులో మోటార్లు దించకూడదు, తాగునీటికి తప్ప మినహాయింపు లేదు. తూము తాళం ఎవరి దగ్గర ఉంటుందో పేరు రాయాలి.

చట్టం చూసుకుంటుందిలే అని ఊరుకోకండి. 2017లో కేంద్రం తెచ్చిన చిత్తడి నేలల నిబంధనలు సాగునీటి కోసమే కట్టిన చెరువులను తమ పరిధి నుంచి మినహాయించాయి. మన ఊరి చెరువులు ఎక్కువగా అలాంటివే. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ఆక్రమణల విషయంలో పనికొస్తుంది కానీ వేసవిలో గేజీ మీద ఎన్ని అడుగులు ఉండాలో చెప్పదు. ఆ మాట ఊరే చెప్పుకోవాలి.

చట్టం రక్షణ ఉన్నచోట కూడా మట్టం కాపాడుకోవడం ఎంత కష్టమో కొల్లేరు చూస్తే తెలుస్తుంది. 1999లో అయిదో కాంటూరు (సముద్ర మట్టానికి అయిదు అడుగుల ఎత్తు గీత) దాకా 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అంతర్జాతీయంగా ముఖ్యమైన చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేరింది. అయినా సరస్సు గర్భంలో చేపల చెరువుల గట్లు లేచాయి, 2006లో వాటిని పగలగొట్టాల్సి వచ్చింది. బుడమేరు, తమ్మిలేరు తెచ్చే నీళ్లు ఉప్పుటేరు గుండా సముద్రానికి పోతాయి. వేసవిలో సరస్సు మట్టం బాగా పడిపోతే అదే ఉప్పుటేరు గుండా ఉప్పునీరు ఎదురెక్కుతుంది. మంచినీటి సరస్సుకు సముద్రాన్ని వెనక్కి నెట్టి ఉంచడానికే కొంత నీరు కావాలి. అది ఎవరి ఖాతాలోనూ లేని నీరు.

7. పూడిక తీసేటప్పుడు

2015లో చెరువుల బాగుకోసం మిషన్ కాకతీయ పథకం మొదలైనప్పటి నుంచి తెలంగాణలో వేల చెరువుల్లో పూడిక తీశారు. ఒండ్రు పొలాలకు మేలు చేసింది. అయితే ఎలా తీశామన్నది చెరువుకు చాలా ముఖ్యం. మా చెరువులో ఒకసారి మట్టి కోసం వచ్చినవాళ్లు శిఖం అంచునే నిటారుగా పదేసి అడుగులు తవ్వి వదిలేశారు. ఆ ఏడాది నుంచి అక్కడ కొంగ వాలలేదు. మరుసటేడు ఒక బర్రె ఆ గుంటలో దిగి పైకి రాలేక పోయింది.

నాలుగు మాటలు గుర్తుంచుకుంటే చాలు. మెత్తటి నల్లటి ఒండ్రు అయిపోయి గట్టి బంకమట్టి తగలగానే ఆపేయాలి, ఆ బంకమట్టే నీటిని పట్టి ఉంచేది. కట్ట పాదానికి దూరంగా తవ్వాలి. శిఖం అంచును వాలుగా, మనిషి నడిచి దిగేలా వదలాలి, జానెడు లోతు నీళ్లు దొరికేది అక్కడే. తూము మట్టానికి కింద రెండు మూడు చోట్ల మడుగులు చేయాలి, ఒక్కోటి అర ఎకరం, లోతు అయిదారు అడుగులు, ఒడ్లు వాలుగా. అన్నీ ఎండినా తల్లి చేపలు ఆ మడుగుల్లో మిగులుతాయి. మడుగుల్లో మోటారు దించకూడదన్న మాట కూడా తీర్మానంలో చేర్చండి.

8. నీటి గుణం

వేసవిలో నీరు తగ్గేకొద్దీ అందులో ఉన్న మురుగు చిక్కబడుతుంది. చిక్కదనం చూడటానికి 20 సెంటీమీటర్ల గుండ్రటి రేకుకు నాలుగు భాగాలుగా నలుపు, తెలుపు రంగులు మార్చి మార్చి వేయండి. తాడు కట్టి నీటిలోకి దించుతూ అది కనపడకుండా పోయిన లోతు రాసుకోండి. నీళ్లు పచ్చగా ఉండి ఆ లోతు 20 సెంటీమీటర్లకు తగ్గితే నాచు మరీ ముదిరిందని అర్థం. ఆ రోజు నుంచి తెల్లవారుజామున చెరువు చూసి రావాలి. ఆక్వా దుకాణాల్లో ఆక్సిజన్ కిట్లు దొరుకుతాయి. లీటరుకు 5 మిల్లీగ్రాములు ఉంటే ధైర్యంగా ఉండొచ్చు, 3 కన్నా తగ్గితే ప్రమాదం.

చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే వెంటనే చేయాల్సింది ఒకటి: ఉన్న మోటార్లతో చెరువు నీళ్లే తోడి, పైకి చిమ్మేలా మళ్లీ చెరువులోకే పోయడం. నీళ్లు గాలిలో విరిగి పడితే ఆక్సిజన్ కలుస్తుంది. ఆ వారం మేత, పేడ వేయకూడదు. చేపల సంఘం కొంత సరుకు ముందే పట్టి అమ్ముకుంటే మిగతావి బతుకుతాయి.

ఊరి మురుగు కాలువను నేరుగా చెరువులో కలపకుండా ముందు ఒక గుంటలోకి మళ్లించి, అందులో జమ్ము, తుంగ పెరగనిస్తే బురద, కొంత ఎరువు అక్కడే ఆగిపోతాయి. గుర్రపు డెక్క ఒక్క మొక్క కనిపించినా పూత రాకముందే తీసి, కట్ట అవతల ఎండబెట్టాలి. రెండు వారాల్లో రెట్టింపయ్యే మొక్క అది. కలువ, తామరలను మాత్రం అదే ఊపులో పీకేయకండి. నీటికోళ్లు నడిచేది వాటి ఆకుల మీదే.

కాలువ నీళ్లతో నిండే చెరువులు, వాగులు

ప్రాజెక్టు కాలువల నుంచి వేసవిలోనూ నీళ్లొచ్చే చెరువులకు కష్టం వేరు, అక్కడ నీళ్లు తగ్గవు. ఏడాది పొడుగునా మత్తడి దాకా నిండి ఉంటే అంచు బురద తేలదు, గడ్డి మొలవదు. అలాంటి చెరువులో మార్చి నుంచి మే వరకు మూడు నాలుగు అడుగులైనా తగ్గేలా కాలువ తూము నడిపించుకోవడం మంచిది.

చెక్‌డ్యాముల వాగు అయితే లెక్క మట్టంతో కాక పారకంతో మొదలవుతుంది. డ్యాము అంచున ఒకచోట జానెడు గండి వదిలితే చిన్న పారకం ఆగకుండా దిగువ మడుగులకు చేరుతుంది.

9. తొలి వరద

గొలుసుకట్టు చెరువుల్లో ఒక చెరువు మత్తడి పోస్తేనే కింది చెరువుకు బతుకు. మత్తడి మీద ఇసుక బస్తాలు పేర్చి ఇంకో అడుగు నిలబెట్టుకోవాలని ప్రతి ఊరికీ అనిపిస్తుంది. అలా చేస్తే కట్టకు ముప్పు, కింది ఊరికి కరువు. కింది చెరువు వాటా కూడా మన తీర్మానంలో ఒక వాక్యంగా ఉండాలి, వీలైతే ఆ ఊరి పెద్దలను పిలిచి వాళ్ల ముందే రాయాలి.

తొలి వరద రాత్రి మత్తడి దగ్గర టార్చి పట్టుకుని నిలబడితే చేపలు ఎదురెక్కడం కనబడుతుంది. పరకలు, జెల్లలు, మార్పులు రాళ్ల మీద పల్చటి నీళ్లలో ఒళ్లు తిప్పుకుంటూ పైకి వస్తాయి. కొత్త నీళ్లలో గుడ్లు పెట్టడానికి పోతున్న చేపలవి. ఊరంతా బుట్టలు, దోమతెరలు పట్టుకుని వచ్చేది కూడా ఆ రాత్రే. బొచ్చె, రవ్వ చెరువులో గుడ్లు పెట్టవు కాబట్టి ఏటా పిల్లలను తెచ్చి వదులుతాం. నాటు చేపలను ఎవరూ తెచ్చి వదలరు, అవి ఈ దారిలోనే రావాలి. కాబట్టి మత్తడి పోసిన మొదటి మూడు రోజులు సగం వెడల్పు ఖాళీగా వదలాలని, అక్కడ వలా బుట్టా పెట్టకూడదని చేపల సంఘంతో మాట తీసుకోండి. సాధారణంగా చేపపిల్లలను వదిలేది ఆ తర్వాతే కాబట్టి మత్తడి దాటి పోతాయన్న భయం ఆ మూడు రోజులకు పెద్దగా ఉండదు.

ఆ తర్వాత కొన్నాళ్లకు శిఖం అంచున గడ్డి మునిగిన చోట్ల నీటి మీద ఎర్రటి ముద్ద ఒకటి కదులుతూ కనిపిస్తుంది. అవి కొర్రమీను పిల్లలు, వందల కొద్దీ ఒకే గుంపుగా తిరుగుతాయి. కిందనే తల్లీతండ్రీ కాపలా ఉంటాయి. పిల్లల ముద్ద కనబడితే కింద పెద్ద చేప ఉందని తెలిసి గాలం వేసేవాళ్లు ప్రతి ఊళ్లో ఉన్నారు. పెద్ద చేపను పట్టేస్తే పిల్లలను పరకలు, బుడుంగు పిట్టలు తినేస్తాయి. ఆ నెల రోజులు ఆ అంచున గాలం వేయొద్దని బడి పిల్లలకు చెప్పండి. మా ఊళ్లో ముద్ద ఎక్కడ కనబడిందో వాళ్లే వచ్చి చెబుతున్నారు, నోటుబుక్కులో గేజీ అంకె పక్కన తేదీతో సహా రాస్తున్నాం.